నాన్న కొట్టలేదు, అయినా ఈ భయం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా ఆయన నెమ్మదస్తుడు. మాకు ఏడేళ్ల పాప ఉంది. మా నాన్న నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు, తిండికీ బట్టకూ చదువుకూ లోటు చేయలేదు. అయితే సాయంత్రం ఆయన స్కూటరు స్టాండు వేసిన చప్పుడు వినబడగానే నేనూ తమ్ముడూ టీవీ ఆపేసి పుస్తకాలు తెరిచేవాళ్లం. ఆయన చెప్పులు విడిచే తీరును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో అంచనా వేసుకునేవాళ్లం. మార్కులు తగ్గితే బంధువుల ముందు నాచేతనే ప్రోగ్రెస్ కార్డు పైకి చదివించేవారు. ‘దేనికీ కొరగానిది పుట్టింది’ అనేవారు. కోపం వస్తే రోజుల తరబడి నాతో మాట్లాడేవారు కాదు, అన్నానికి రమ్మని కూడా తమ్ముడితో చెప్పించేవారు. ‘నువ్వే పోయి క్షమించమని అడుగు మే, ఇంట్లో ఈ గోల నాకొద్దు’ అనేది అమ్మ. ఏం తప్పు చేశానో తెలియకుండానే పోయి అడిగేదాన్ని.

ఇప్పుడు ప్రిన్సిపాల్ ‘ఒకసారి వచ్చి వెళ్లండి’ అంటే చాలు, కడుపులో దేవినట్టవుతుంది. మా ఆయన మౌనంగా పేపరు చదువుకుంటున్నా నామీద కోపమేమోనని పదే పదే అడుగుతాను. ఈమధ్య పాప పాలగ్లాసు ఒలకబోసింది. ‘నువ్వు దేనికీ కొరగావు’ అనే మాట నా నోటి నుంచే వచ్చింది. పాప ఏడవలేదు. గబగబా గుడ్డ తెచ్చి నేల తుడిచి, నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా పిన్నితో చెప్పుకుంటే, ‘కొట్టని తండ్రి మీద కూడా ఫిర్యాదులేనా? తిండి లేక పడుకున్న పిల్లల్ని నువ్వు చూడలేదు’ అంది. నేను అతిగా ఆలోచిస్తున్నానా? ఇది తగ్గే బాధేనా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు అతిగా ఆలోచించడం లేదు. ఇది తగ్గే బాధే. ముందుగా మీ పిన్నిగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ మాట ఆమెదొక్కరిదే కాదు, మన ఊళ్లలో సగం మంది పెద్దలది. ఒంటి మీద వాత తేలితేనే హింస, తేలకపోతే క్రమశిక్షణ అని మనం లెక్క కట్టుకున్నాం. పిల్లల మనసుకు ఆ లెక్క తెలియదు. నలుగురిలో తల దించుకునేలా చేయడం, మాట మానేసి శిక్షించడం, ఇష్టాన్ని మార్కులకు ముడిపెట్టడం, ఇవన్నీ మానసిక వైద్యులు భావోద్వేగ హింస కింద పరిగణించేవే. ఆకలితో పడుకున్న పిల్లల బాధ నిజమే. దానివల్ల మీ బాధ అబద్ధమైపోదు. బాధలకు పోటీ పెట్టి ఓడినవారిని నోరు మూసుకోమనడం వల్ల ఇంతవరకు ఎవరికీ నయమైనట్టు నేను చూడలేదు.

ఈ విషయంలో లోకం దృష్టిని మార్చిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని శాన్ డియేగోలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థకు పరీక్షల కోసం వచ్చిన పెద్దవాళ్లను వారి బాల్యం గురించి ప్రశ్నించి, విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి 1998లో తొలి ఫలితాలను ప్రచురించారు. రెండు విడతల్లో కలిపి 17 వేల మందికి పైగా అందులో పాల్గొన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు తరచుగా తిట్టడం, కించపరచడం, అవమానించడం అనేది ఆ ప్రశ్నావళిలో కొట్టడానికి వేరుగా, దానంతట అదే ఒక అంశంగా ఉంది. ఆ జవాబులిచ్చినవాళ్లు పేదవాళ్లేం కాదు, ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతి వారు, ఆరోగ్య బీమా ఉన్నవారు. అయినా దాదాపు మూడింట రెండు వంతుల మంది కనీసం ఒక చేదు అనుభవాన్ని చెప్పారు, అలాంటి అనుభవాల సంఖ్య పెరిగేకొద్దీ పెద్దయ్యాక కుంగుబాటు, మద్యం అలవాటు, గుండె జబ్బుల వంటివి కూడా ఎక్కువగా కనిపించాయి. ఆ ప్రశ్నావళి ఇప్పుడు ఫోనులో ఎవరికైనా దొరుకుతుంది కాబట్టి ఒక హెచ్చరిక: అది వేలమందిని కలిపి చూసినప్పుడు కనబడే ధోరణిని చెబుతుందే తప్ప ఒక మనిషి జాతకాన్ని చెప్పదు. ఆ అధ్యయనం చేసిన ఆండా గారే 2020లో ఈ సంగతిని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. మీరు దాన్ని నింపి, వచ్చిన అంకె చూసి బెంగపెట్టుకోకండి.

ఇక మీ కడుపులో దేవడం గురించి. మెదడులో బాదం గింజంత అమిగ్డలా అనే భాగం ప్రమాదాన్ని పసిగట్టే పనిలో ఉంటుంది. అది ఆలోచన కంటే ముందే పని మొదలుపెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది, అందుకే భయం చాలామందికి ముందుగా కడుపులోనే తెలుస్తుంది. చెప్పులు విడిచే తీరును బట్టి రాత్రిని అంచనా వేసిన ఆ పిల్ల తెలివితక్కువది కాదు, బెదురుగొడ్డూ కాదు. ఆ ఇంట్లో తనకు అవసరమైన విద్యను బాగా నేర్చుకుంది. పెద్దవాళ్ల కోపం ఎటునుంచి వస్తుందో తెలియని ఇంట్లో పిల్లలు ఎప్పుడూ కనిపెట్టుకునే ఉంటారు. కష్టమేమిటంటే, ఇల్లు మారినా, ఊరు మారినా, నెమ్మదస్తుడైన భర్త పక్కన కూర్చున్నా, ఆ కనిపెట్టుకునే పని తనంతట తాను ఆగదు. మీ ప్రిన్సిపాల్ మాటకు మీరు భయపడటం లేదు. ఆ మాట వెనుక మీ నాన్నగారి అడుగుల చప్పుడు వినబడుతోంది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. చిన్నపిల్లకు తండ్రి తప్పు చేస్తున్నాడని నమ్మడం కంటే తానే చెడ్డదాన్నని నమ్మడం తేలిక, ఎందుకంటే తాను చెడ్డదైతే మారవచ్చు, బాగా చదవవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. తండ్రే అలాంటివాడైతే తొమ్మిదేళ్ల పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. ఏం తప్పు చేశారో తెలియకుండానే మీరు క్షమించమని అడిగేవారని రాశారే, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. ఇప్పటికీ మీరు ఇంట్లో అందరినీ అదే అడుగుతున్నారు. పేపరు చదువుకుంటున్న మీ ఆయనను కూడా.

ఏం చేయాలి అంటారా? మొదట ఆ భయం వచ్చిన క్షణంలో దాన్ని గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి. స్టాఫ్‌రూములో పిలుపు వచ్చినప్పుడు లేచి పరుగెత్తకుండా, రెండు పాదాలూ నేలకు ఆనించి, పీల్చిన దానికంటే వదిలే ఊపిరి ఎక్కువసేపు ఉండేలా కొన్నిసార్లు శ్వాస తీసుకుని, ‘ఇది అప్పటి భయం, ఇప్పుడు నేను పెద్దదాన్ని, నా జీతం నేను సంపాదించుకుంటున్నాను’ అని మనసులో అనుకోండి. మొదటి వారాల్లో ఇది ఉత్త మాటగానే అనిపిస్తుంది. శరీరం ఆలస్యంగా నమ్ముతుంది, తొందరపెట్టకండి. అలాగే మీ ఆయనతో, అంతా ప్రశాంతంగా ఉన్న ఒక రోజు చూసుకుని, మీరు మళ్లీ మళ్లీ అడగడానికి కారణం ఏమిటో ఒకసారి వివరంగా చెప్పండి. ఆ తర్వాత అడగాలనిపించినప్పుడు ఒక్కసారి మాత్రమే అడిగి, ఆయన ‘లేదు’ అంటే, ఆ జవాబుతో పది నిమిషాలు కూర్చునే సాధన చేయండి. పది నిమిషాలూ ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బందిని తట్టుకుంటూ ఏమీ జరగలేదని చూడటమే ఇక్కడ మందు.

రాయడం ఇష్టమైతే ఆ దారి కూడా ఉంది. జేమ్స్ పెనెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాధపెట్టిన సంఘటన గురించి, దాని వెనుక ఉన్న భావాలతో సహా రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది, తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు వైద్యుల దగ్గరికి వెళ్లడం తగ్గింది. అప్పటి నుంచి జరిగిన అనేక ప్రయోగాల్లో ఈ మేలు కొందరికి బాగా, కొందరికి అంతంతమాత్రంగా కనిపించింది, కాబట్టి ఇది సర్వరోగనివారిణి అని నేను చెప్పను. రాస్తుంటే నిద్ర పట్టకపోయినా, ఒళ్లు వణికినా ఆపేయండి. అటువంటప్పుడు ఒంటరిగా కాకుండా నిపుణుల సమక్షంలో చేయవలసిన పని అది.

మీరు రాయని మాట ఒకటి నేనే రాస్తాను. మీ నాన్నగారు ఏదో ఒకరోజు ‘నేను చేసింది తప్పే తల్లీ’ అంటారని మీలో ఒక మూల ఇంకా ఎదురుచూపు ఉండి ఉంటుంది. అనవచ్చు, అనకపోవచ్చు. మీ కోలుకోవడాన్ని ఆయన నోటి మాటకు కట్టేయకండి. దొరకని బాల్యం కోసం దుఃఖపడటం, చనిపోయినవారి కోసం ఏడ్చినంత న్యాయమైన విషయం. ఆ ఏడుపుకు మన ఇళ్లలో పదో రోజూ లేదు, పలకరించడానికి వచ్చే చుట్టాలూ లేరు కాబట్టి అది ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయి, చిరాకుగానూ నడుంనొప్పిగానూ బయటికి వస్తుంటుంది. ఏడవండి. ఆయన మీద కోపమూ, తిండికీ చదువుకూ లోటు చేయని ఆ నాన్న మీద ప్రేమా ఒకే మనసులో ఉండటంలో వింత లేదు.

పాప విషయంలో మీరు మీ తండ్రిగారి కంటే ఎంతో ముందున్నారు, ఆ చూపును గుర్తుపట్టారు గనుక. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే పరిశోధకుడు తల్లులూ పసిపిల్లల ముఖాముఖిని దశాబ్దాల పాటు గమనించి చెప్పింది ఇదే: ఆరోగ్యంగా ఉన్న జంటల్లో కూడా చాలాసేపు పొంతన కుదరదు, తేడా పడటమూ మళ్లీ కలవడమూ జరుగుతూనే ఉంటాయి, ఆ కలవడంలోనే బిడ్డకు నమ్మకం ఏర్పడుతుంది. కాబట్టి జరిగి కొన్ని రోజులైనా పరవాలేదు, పాప పక్కన కూర్చుని, ‘ఆ రోజు పాలు ఒలికినప్పుడు నేను అన్న మాట తప్పు. పాలు ఒలకడం చిన్న విషయం. కోపం నాది, తప్పు నీది కాదు’ అని చెప్పండి. అంతే చెప్పండి. మీ చిన్ననాటి కథంతా విప్పి, ఆ పిల్లే మిమ్మల్ని ఓదార్చే స్థితి తేవద్దు. మరోసారి ఏదైనా ఒలికినప్పుడు ఇద్దరూ కలిసి తుడవండి.

ఇవన్నీ చేస్తున్నా రెండు మూడు నెలల్లో తేడా కనబడకపోతే, లేదా నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటుంటే వైద్యుల దగ్గరికి వెళ్లండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకుంటుంటే వెనుక వరుసలో తెలిసినవాళ్లు ఉంటారేమోననే జంకు నాకు తెలియనిది కాదు. మన ఊళ్లో ఏ వరుసలో నిలబడినా ఎవరో ఒకరు తగులుతారు. ఆ జంకు మరీ ఎక్కువగా ఉంటే ముందు ఇంట్లోనే కూర్చుని 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది, రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. బయట కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటట్టయితే, క్లినికల్ సైకాలజిస్టుగా చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు ఉందో లేదో అడగండి. అడగడం అమర్యాద కాదు. బాల్య గాయాలకు సంబంధించి, ఆలోచనలనూ జ్ఞాపకాలనూ పద్ధతిగా ఎదుర్కొనే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో తీవ్ర ఆఘాతం తర్వాతి రుగ్మతకు (పీటీఎస్‌డీకి) సిఫారసు చేసింది. మీకు ఆ రుగ్మత ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అది ఎదురుగా కూర్చుని తేల్చవలసిన విషయం.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, పలమనేరు దగ్గర మాకు పాడి ఉంది. మా నాయన తాగి వచ్చి నలుగురిలో నా పరువు తీసేవాడు, పదో తరగతి తప్పినప్పుడు బస్టాండులో చొక్కా పట్టుకుని తిట్టాడు. ఇప్పుడు ఆయనకు పక్షవాతం. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు కాబట్టి మంచం దగ్గర చాకిరీ అంతా నాదే. నోట్లో సంగటి ముద్ద పెడుతుంటే చేయి వణుకుతుంది, కోపంతో. ఎంతైనా కన్నతండ్రి, క్షమించేయమని అందరూ అంటారు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కి తలనీలాలు ఇస్తే మనసు తేలికపడుతుందని మా అత్త చెప్పింది. క్షమించకపోతే నేను పాపం చేసినట్టా?
– పేరు వద్దు, చిత్తూరు జిల్లా

జవాబు: కాదు బాబూ. చూసుకోవడం వేరు, క్షమించడం వేరు, ఈ రెండింటినీ కలిపి మీ నెత్తిన పెట్టడం వల్లే మీకు ఇంత ఊపిరాడటం లేదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో చేసిన చట్టం కూడా పిల్లల నుంచి అడిగేది తిండి, బట్ట, నివాసం, వైద్యం. ప్రేమను ఏ చట్టమూ రాబట్టలేదు. మీరు ఎవరూ అడగకుండానే ఆ నాలుగూ చేస్తున్నారు, పైగా మీ చేత్తోనే తినిపిస్తున్నారు. వణికే చేత్తో అయినా ముద్ద పెడుతున్న మనిషిని పాపాత్ముడని నేను అనలేను.

క్షమ కొందరికి వస్తుంది, కొందరికి సగమే వస్తుంది, మరికొందరికి ఆ మనిషి పోయిన ఏళ్లకు వస్తుంది. బలవంతంగా తెచ్చుకున్న క్షమ కింద కోపం అలాగే ఉండి, భార్య మీదో, పాలు తన్నేసిన ఆవు మీదో పడుతుంది. కాబట్టి ‘క్షమించాను’ అనే మాటకు తొందరపడకుండా, ముందు మీ చాకిరీని తగ్గించుకునే మార్గం చూడండి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం వంటి ఒళ్లు తాకే పనులే మీకు ఎక్కువ కోపం తెప్పిస్తున్నట్టయితే వాటికి ఒక మనిషిని పెట్టుకుని, ఆ జీతం మీ తమ్ముణ్ణి పంపమనండి. తమ్ముడితో ఇది గొడవగా కాకుండా నెలనెలా ఇంత అని ఖాయంగా మాట్లాడండి. దూరంగా ఉన్నవాళ్లకు జాలి ఎక్కువ, అందాజు తక్కువ. ఒక వారం వచ్చి ఉండమంటే వాళ్లకే తెలుస్తుంది.

ఆయనతో పాత సంగతి ఎత్తాలా అని మీరు అడగలేదు గానీ ఆలోచన వచ్చే ఉంటుంది. పక్షవాతం వచ్చిన వారిలో కొందరికి మాట, జ్ఞాపకం, కోపం మీద అదుపు కూడా దెబ్బతింటాయి. ‘నేనెప్పుడన్నానురా?’ అనే జవాబే వచ్చే అవకాశం ఎక్కువ. ఆ జవాబు విని తట్టుకోగలననుకుంటేనే అడగండి, లేదంటే బస్టాండులో ఆ రోజు మీకు ఎలా అనిపించిందో మిమ్మల్ని నమ్మే మనిషికి చెప్పండి. ముప్పై ఏళ్లుగా మీరు దాన్ని ఎవరికీ చెప్పి ఉండరని నా అనుమానం.

కొండ సంగతి. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు; ఎక్కేటప్పుడు శరీరం అలిసి, మనసు కాసేపు ఊరుకుంటుంది, పక్కన గోవిందా అంటూ నడిచే జనం ఉంటారు, మీకు నమ్మకం ఉంటే తప్పకుండా వెళ్లి రండి. అయితే గుండు చేయించుకుని వచ్చిన మర్నాడే కోపం మళ్లీ వస్తే మీ భక్తిలో లోపముందని అనుకోవద్దు. మొక్కు మొక్కే, చికిత్స చికిత్సే, రెండూ జరగవచ్చు. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గరే కాబట్టి అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రం కూడా మీకు అందుబాటులో ఉన్నట్టే. మీ తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడైతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. మీరు తాగుడు వైపు మొగ్గుతున్నట్టు మీకే అనిపిస్తే మాత్రం ఇవేవీ వాయిదా వేయకండి.

ప్రశ్న: మా అబ్బాయిని ఎనిమిదో ఏట హాస్టల్లో వేశాం. మా ఇద్దరివీ ఉద్యోగాలు, ఊరూరా బదిలీలు. వాడి మంచికే చేశాం. వాడిప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. మొన్న ఫోన్లో ‘ప్రతి ఆదివారం గేటు దగ్గర నిలబడి మీకోసం చూసేవాణ్ణి, మీరు రాలేదు’ అని ఏడ్చాడు. నాకు 65 ఏళ్లు. ఇప్పుడు క్షమాపణ అడిగితే మేం తప్పు చేశామని ఒప్పుకున్నట్టు కాదా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, అబ్బాయి తీర్పు అడగలేదు. ఆదివారం గేటు దగ్గర తాను నిలబడ్డ సంగతి మీకు తెలియాలని అడిగారు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆ పిల్లవాడు ఒంటరివాడు కావడమూ నిజమే కావచ్చు, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. మీరు ఒప్పుకోవలసింది ఆ రెండోదాన్ని మాత్రమే. మీ తరం వాళ్లు పిల్లల్ని హాస్టళ్లకు పంపింది వదిలించుకోవడానికి కాదని నాకు తెలుసు, మీ అబ్బాయికీ తెలుసు. తెలిసినా ఏడుపు వచ్చిందంటే మీ దగ్గర ఏడవవచ్చనే నమ్మకం ఇంకా ఉందన్నమాట.

మీరే ఫోన్ చేసి, ‘నువ్వు ఆ రోజు చెప్పింది నేను ఆలోచించాను, నువ్వు అంతగా ఎదురుచూసేవాడివని నాకు తెలియదు, నాకు బాధగా ఉంది, క్షమించు నాయనా, ఇంకా చెప్పు’ అనండి. బదిలీల సంగతీ జీతాల సంగతీ ఆ రోజు చెప్పకండి, అబ్బాయి అడిగినప్పుడు చెప్పవచ్చు. మీకు ఏడుపు వస్తే రానివ్వండి గానీ, ‘నేను చెడ్డతల్లిని’ అని మాత్రం అనకండి, ఎందుకంటే వెంటనే ఆయన తన మాట వదిలేసి మిమ్మల్ని ఊరడించవలసి వస్తుంది. మీ వారు మధ్యలో ఫోను అందుకుని ‘ఇప్పుడవన్నీ ఎందుకురా’ అనకుండా ముందే ఆయనతో మాట్లాడి ఉంచండి. అబ్బాయి ఆ రోజు సరిగా జవాబివ్వకపోయినా కంగారుపడవద్దు. మరుసటి వారం మామూలుగా ఫోన్ చేసి తిన్నావా అని అడగండి, పాత విషయం మళ్లీ ఎప్పుడు ఎత్తాలో ఆయనకే వదిలేయండి.